టెక్ సందేహాలు: ఏ ప్రాంతం జట్టు గెలుస్తుందో చెబుతామనే లింకు

ప్రశ్న: కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆన్‌లైన్ ఆటలో పెద్ద టోర్నీ అయిన మేజర్ దగ్గరపడింది. ఆటలోనే ఉండే పికెమ్ అనే జోస్యాల పోటీలో ఎవరు 3-0తో (మూడూ గెలిచి) ముందుకు వెళ్తారో, ఎవరు 0-3తో (మూడూ ఓడి) ఇంటికి పోతారో ముందే పెట్టాలి. యూరప్, అమెరికాస్, ఆసియా జట్ల బలాబలాలు చూసి పెడదామనుకుంటున్నాను. ప్రాంతాలవారీగా పూర్తి విశ్లేషణ ఉందంటూ ఒక స్నేహితుడి అకౌంటు నుంచి లింకు వచ్చింది. చదవాలంటే ఆట ఆడటానికి వాడే స్టీమ్ అకౌంటుతో లాగిన్ అవ్వమంటోంది. అవ్వచ్చా?

అవ్వద్దు. జట్ల గురించి రాసింది చదవడానికి మీ ఆట అకౌంటు ఎవరికీ అక్కర్లేదు. మేజర్ ముందు ఈ ప్రశ్న నాకు ప్రతిసారీ వస్తుంది, మాటలు మాత్రం మారతాయి. మీలాగా ముందే అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువమంది స్కిన్లు (ఆటలో తుపాకులకు వేసుకునే, డబ్బు విలువున్న డిజైన్లు) పోయాక రాస్తారు. అందుకే ఈసారి లింకు సంగతి విడమరిచి చెబుతాను. ముందు జట్ల గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే లింకు మీద వేలు పడేది ఆ ఆసక్తి వల్లే.

జట్టు పేరు పక్కనున్న ప్రాంతం చూసి బలం లెక్కగట్టడం పాత అలవాటు. 2025 జూన్‌లో ఆస్టిన్ మేజర్ గెలిచిన వైటాలిటీ ఫ్రాన్స్ క్లబ్బు. ఆ ఐదుగురిలో ఫ్రెంచివాళ్లు ఇద్దరే. మిగిలిన ముగ్గురూ ఎస్తోనియా, ఇజ్రాయెల్, బ్రిటన్‌ల నుంచి వచ్చారు. అంతకుముందు ఏడాది కోపెన్‌హేగన్‌లో గెలిచిన నావి ఉక్రెయిన్ క్లబ్బు. అందులో ఇద్దరు ఉక్రెయిన్ కుర్రాళ్లతోపాటు ఫిన్లాండ్, లిథువేనియా, రొమేనియా ఆటగాళ్లు ఆడారు. అమెరికాస్ ఆశలన్నీ పెట్టుకున్న బ్రెజిల్ జట్టు ఫ్యూరియా 2025లో లాట్వియా నుంచి ఒకరిని, కజకిస్తాన్ నుంచి ఒకరిని తెచ్చుకుని ఆట తీరే మార్చుకుంది. ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ ర్యాంకింగ్స్‌లో ప్రాంతాన్ని ఆటగాళ్ల దేశాలను బట్టి తేలుస్తారు కాబట్టి, ఒకరిద్దరు మారితే జట్టు ప్రాంతమే మారిపోయే అవకాశం ఉంది.

అయితే ప్రాంతం అసలు లెక్కలోకే రాదని కూడా అనను. 2013లో స్వీడన్‌లోని యోన్‌షోపింగ్‌లో మొదటి మేజర్ జరిగినప్పటి నుంచి చూడండి. యూరప్, పాత సోవియట్ దేశాల జట్లను పక్కనపెడితే బయటివాళ్లు గెలిచినవి మూడే. 2016లో కొలంబస్, కొలోన్ రెండూ ఒకే బ్రెజిల్ బృందం గెలిచింది, మధ్యలో క్లబ్బు మాత్రం మారింది. 2018లో బోస్టన్‌లో అమెరికా జట్టు క్లౌడ్‌నైన్ గెలిచింది. ఆ తర్వాత కప్పు అట్లాంటిక్ దాటలేదు.

ఇది ప్రతిభ లోటు అని చాలామంది అనుకుంటారు. నాకు కనిపించే కారణం దూరం. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు తప్పనిసరి. సావో పాలో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాదాపు 9,800 కిలోమీటర్లు. ఎంత ఖరీదైన కనెక్షన్ పెట్టుకున్నా 98 మిల్లీసెకన్ల కంటే తక్కువ పింగ్ (సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం) రాదు. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి నిజంగా వచ్చేది ఇంకా ఎక్కువ. గోడ మూల దగ్గర ఎదురుపడ్డ ఇద్దరిలో ఎవరు ముందు కాల్చారన్నది కొన్ని పదుల మిల్లీసెకన్లలో తేలిపోయే ఆట ఇది. ఆ పింగ్‌తో యూరప్ జట్లతో రోజూ ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడటం కుదరదు. మంచి ప్రత్యర్థులు తక్కువ పింగ్‌లో ఎక్కడ దొరికితే అక్కడే ఆట పదునెక్కుతుంది. ప్రాంతం అంటే నా దృష్టిలో అదే, ఒక సర్వర్ చుట్టూ గీసిన పింగ్ గీత. దూరపు జట్లు నెలల తరబడి యూరప్‌లో బూట్‌క్యాంప్ (శిక్షణ శిబిరం) పెట్టుకునేది ఆ గీత లోపలికి రావడానికే.

మంగోలియా జట్టు ద మంగోల్జ్ గురించి ఆగి చెప్పాలి. ఆస్టిన్ మేజర్ ఫైనల్లో వైటాలిటీతో 2-1 తేడాతో ఓడిపోయారు కానీ, మేజర్ ఫైనల్ దాకా వచ్చిన తొలి ఆసియా జట్టు వాళ్లదే. అదే ఏడాది ఆగస్టులో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ గెలిచారు. నాకు ఆ జట్టంటే గౌరవం. పెద్ద లీగులు ఆహ్వానం ఉన్నవాళ్లకే తలుపు తీసిన రోజుల్లో ఇలాంటి జట్టు పైకి రావడం ఎంత కష్టమో గుర్తుంది. 2025 నుంచి నియమాలు మారి, ర్యాంకింగ్ ఉంటే టోర్నీలోకి దారి దొరుకుతోంది. ఆసియా అనగానే 0-3 గడిలో పడేసే అలవాటుతో ఈ జట్టునూ అక్కడే పెట్టినవాళ్లు ఆ ఏడాది పికెమ్ పాయింట్లు పోగొట్టుకున్నారు.

మరి ఏం చూడాలి? వాల్వ్ ర్యాంకింగ్స్ లెక్క మొత్తం గిట్‌హబ్ సైటులో బహిరంగంగా ఉంది. గత ఆరు నెలల్లో ఎంత ప్రైజ్ మనీ వచ్చింది, ఎవరిని ఓడించారు, ఓడినవాళ్లు ఎంత బలమైనవాళ్లు, వేదిక మీద (ఆన్‌లైన్‌లో కాకుండా ఒకేచోట కూర్చుని ఆడి) ఎన్ని గెలిచారు అన్నవి అందులో కనిపిస్తాయి. వేదిక మీద గెలుపులకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 2020లో బయటపడిన కోచ్ బగ్ నాకు ఇంకా గుర్తుంది. కోచ్ కెమెరా మ్యాప్‌లో (ఆట జరిగే ప్రదేశంలో) ఒకచోట ఇరుక్కుపోయి ఎదుటి జట్టు కదలికలు కనిపించేవి. దాన్ని వాడుకున్నందుకు ఆ సెప్టెంబరులో ఈస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ 37 మంది కోచ్‌లను నిషేధించింది. ఎవరి గదిలో వాళ్లు ఆడిన మ్యాచ్ ఫలితాన్ని అప్పటి నుంచి నేను సగమే నమ్ముతాను. ఇంకొకటి, 32 జట్ల మేజర్ మొదటి దశల్లో చాలా మ్యాచ్‌లు ఒక్క మ్యాప్‌తో తేలిపోతాయి. బాగా ఆడే మ్యాప్ ఒకటి చేతిలో ఉన్న చిన్న జట్టు అక్కడ ఎవరినైనా పడగొడుతుంది. మూడు మ్యాప్‌ల పోటీల్లోకి వచ్చేసరికి లోతు ఉన్న జట్టే నిలుస్తుంది.

ఇక లింకు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

ఆ సైటులో "స్టీమ్‌తో లాగిన్" నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. పైన తాళం గుర్తు, అసలైన అడ్రసు, అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. నిజానికి కిటికీ ఏదీ తెరుచుకోలేదు. పేజీ లోపల గీసిన బొమ్మ అది. అడ్రసు కూడా బొమ్మలో భాగమే. "అడ్రసు చూసే లాగిన్ అయ్యాను" అని బాధపడుతూ రాసేవాళ్లను నేను తప్పుపట్టలేను, మనం ఇన్నేళ్లూ అందరికీ నేర్పింది అడ్రసు చూడమనే కదా. ఇప్పుడు ఇంకో పరీక్ష చేయండి. ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగండి. అసలు కిటికీ అయితే బయటికి వస్తుంది. బొమ్మ అయితే అంచు దగ్గర ఆగిపోతుంది. ఇంకా సులువైన గుర్తు ఒకటుంది. మీరు అదే బ్రౌజర్‌లో ముందే స్టీమ్‌లోకి లాగిన్ అయి ఉంటే, అసలు పేజీ మీ పేరు చూపించి ఒక బటన్ నొక్కమంటుంది, అంతే. పాస్‌వర్డ్ మళ్లీ అడిగిందంటే అనుమానించండి. పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తాను నింపకపోయినా అక్కడే ఆగిపోండి.

క్యూఆర్ కోడ్ ఉంది కాబట్టి పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదని సంతోషించకండి. దొంగ తన కంప్యూటర్‌లో లాగిన్ కోసం తెచ్చుకున్న కోడ్‌నే మీకు చూపిస్తాడు. మీరు ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే లోపలికి వెళ్లేది అతను.

లోపలికి వచ్చాక వెంటనే ఏమీ ఎత్తుకుపోడు. అందుకే చాలామందికి వారాల తర్వాత గానీ తెలియదు. మీ అకౌంటు పేరుమీద ఒక ఏపీఐ కీ తయారుచేసుకుంటాడు. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం పెట్టిన సౌకర్యం, మామూలు ఆటగాడికి దానితో పని లేదు. ఆ కీతో మీ ట్రేడ్లన్నీ (స్కిన్లు ఇచ్చిపుచ్చుకోవడాలు) ఒక బాట్, అంటే తనంతట నడిచే ప్రోగ్రాము, కాపలా కాస్తుంది. ఒకరోజు మీరు నిజమైన స్నేహితుడికి స్కిన్ పంపుతారు. బాట్ ఆ ట్రేడ్‌ను క్షణంలో రద్దుచేసి, అదే పేరు, అదే ఫొటో పెట్టుకున్న నకిలీ అకౌంటుకు అదే స్కిన్‌తో కొత్త ట్రేడ్ పెడుతుంది. ఫోన్‌లో ఆమోదం అడిగినప్పుడు మీకు తేడా కనిపించదు. మీ వేలితో మీరే ఒప్పుకుంటారు. ఆమోదించే ముందు ఎదుటివాడి అకౌంటు ఎప్పుడు మొదలైందో, లెవెల్ ఎంతో చూడండి. పదేళ్ల స్నేహితుడి అకౌంటు నిన్న మొదలై ఉండదు.

మీకు ఆ లింకు స్నేహితుడి నుంచే వచ్చిందన్నారు. అంటే అతని అకౌంటు పోయి ఉండవచ్చు. "మా జట్టుకు ఓటు వెయ్యి" అన్న మెసేజ్ కూడా ఈ కోవదే. అక్కడే చాట్‌లో జవాబివ్వకండి, అవతల ఉన్నది అతను కాకపోవచ్చు. ఫోన్ చేసి చెప్పండి.

ఇప్పటికే లాగిన్ అయిపోయినవాళ్లకు: ముందు పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత స్టీమ్ గార్డ్ సెట్టింగుల్లోకి వెళ్లి అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి, ఆపైన ఏపీఐ కీ పేజీ తెరిచి కీ ఉంటే రద్దు చేయండి. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటున్నారు, దొంగ కీ అలాగే ఉండిపోతోంది. స్కిన్ పోయి 7 రోజులు కాకపోతే ఆశ ఉంది. 2025 జూలై నుంచి కౌంటర్ స్ట్రైక్ వస్తువుల ట్రేడ్లను ఆ గడువులోపు వెనక్కి తిప్పవచ్చు. ఈ సౌకర్యం పదేళ్ల ముందే రావాల్సింది. ఎంతమంది పిల్లలు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవి పోగొట్టుకుని ఇంట్లో చెప్పలేక ఏడ్చారో నాకు వచ్చిన ఉత్తరాలే సాక్ష్యం.

మ్యాచ్ రోజున ఇంకో వల పడుతుంది. 2025 మొదట్లో కటోవిచ్, క్లూజ్-నపోకా టోర్నీలప్పుడు దొంగిలించిన యూట్యూబ్ ఛానళ్లలో పాత మ్యాచ్‌లను లైవ్ అని నడిపారు. పక్కన పేరున్న ఆటగాడి ఫొటో, ఉచిత స్కిన్ల క్యూఆర్ కోడ్. మ్యాచ్ చూడాలంటే టోర్నీ నిర్వాహకుల ఛానల్‌కే వెళ్లండి. స్ట్రీమ్ పక్కన కోడ్ కనిపిస్తే స్కాన్ చేయకండి.

ప్రశ్న: పెద్ద ఆటగాళ్లలా ఆడాలని, ఎడమ కీ నొక్కి ఉంచి కుడి కీ నొక్కితే తనంతట దిశ మార్చే కొత్తరకం కీబోర్డు కొన్నాను. సర్వర్ నన్ను మ్యాచ్ నుంచి తీసేసింది. పాడైందా?

పాడవలేదు. 2024 ఆగస్టు నుంచి వాల్వ్ సర్వర్లలో ఆ సౌకర్యానికి అనుమతి లేదు. సెట్టింగుల్లో ఆపేయండి. కాల్చే ముందు కాలు ఆపడం ఈ ఆటలో చేతితో నేర్చుకోవాల్సిన విద్య. దాన్ని యంత్రానికి అప్పగించే కీబోర్డును "ప్రో" అని అమ్మడం నాకు నచ్చలేదు. పెట్టె మీద ఎక్కడ చెల్లదో కూడా రాయాలి.

ప్రశ్న: మేజర్ ముందు డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేసుకోవాలా?

మ్యాచ్ ఉన్న వారంలో ఏదీ ముట్టుకోవద్దు. 2023 అక్టోబరులో ఒక గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఆలస్యం తగ్గించే కొత్త ఫీచర్ వచ్చింది. అది ఆట ఇంజిన్ ఫంక్షన్లనే దారి మళ్లించడంతో, ఆన్ చేసినవాళ్లను మోసగాళ్లనుకుని ఆట నిషేధించింది. తర్వాత ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. వాడినవాళ్ల తప్పు ఇందులో ఏముంది? ఆటల కోసమని తెచ్చిన ఫీచర్‌ను, లక్షలమంది ఆడే ఆటలో సరిగ్గా పరీక్షించకుండా వదిలినవాళ్లది తప్పు.

మౌసులతో వచ్చే సాఫ్ట్‌వేర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వేగం ఒకసారి సెట్ చేసుకోవడానికి వందల మెగాబైట్ల ప్రోగ్రాము, దానికో అకౌంటు, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా మొదలై నెట్‌లోకి వెళ్లే సర్వీసు. అది అడ్మిన్ హక్కులతో నడుస్తుంది. అందులో ఒక లోపం దొరికితే మీ కంప్యూటర్ మొత్తం వేరేవాడి చేతిలోకి పోతుంది. మౌస్‌లోనే సెట్టింగు దాచుకునే చిన్న మెమరీ చాలా మోడళ్లలో ఉంది. ఒకసారి వేగం సెట్ చేసి మౌస్‌లోనే సేవ్ చేసుకోండి, ఆ ప్రోగ్రామును తీసేయండి. అలా సేవ్ చేయనివ్వని మౌస్ ఎంత బాగా జారినా నేను కొనను.