పాతరలో పెడితే వైన్ నిలుస్తుందా?

ప్రశ్న: 2021 నాటి మోజెల్ రీస్లింగ్ ష్పేట్‌లేజ (జర్మనీ మోజెల్ లోయలో ఆలస్యంగా కోసిన రీస్లింగ్ ద్రాక్షతో చేసే తెల్ల వైన్) ఆరు సీసాలున్నాయి. పదేళ్లు దాచాలని ఉంది. మా పాత ఇంట్లో జొన్నల పాతర ఖాళీగా ఉంది, అందులో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఉరవకొండ

జవాబు: వద్దండి. నేల లోపల నాలుగైదు మీటర్లు దిగాక వేడి ఇంచుమించు ఆ ఊరి ఏడాది సగటుకే వచ్చి నిలుస్తుంది. మోజెల్ లోయలో ఆ సగటు 10, 11 డిగ్రీలు కాబట్టి అక్కడ సెల్లార్ తవ్వితే సరిపోతుంది. అనంతపురంలో అది 27 దాటుతుంది. దాచే వైన్‌కు కావలసింది 12, 13. పైగా మూసి ఉంచిన పాతరలో ఊపిరాడదు, దిగడమే ప్రమాదం.

మే నెల ఎండకు కాగిన గదిలో వైన్ వ్యాకోచించి కార్కును పైకి తోస్తుంది. చల్లబడ్డాక గాలి లోపలికి పోతుంది. మూతి దగ్గర జిగట తగిలినా, కార్కు ఉబ్బుగా లేచినా ఆ సీసాను ముందు తాగేయండి.

వైన్ కూలర్ కొనక తప్పదు. చవకగా దొరికే, కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం గది కన్నా 10–15 డిగ్రీలే తగ్గించగలదు. గది 38 ఉంటే లోపల 23 కన్నా కిందికి దిగదు. కంప్రెసర్ ఉన్నదే తీసుకుని 13కు పెట్టండి. కార్కు సీసాలు పడుకోబెట్టండి, స్క్రూ మూతవి ఎలా పెట్టినా ఒకటే. కరెంటు పోతే తలుపు తెరవకండి, సీసాల చలువే కొన్ని గంటలు కాపాడుతుంది. మామూలు ఫ్రిజ్ కొన్ని నెలలకు పర్వాలేదు. ఏళ్లు గడిస్తే ఆ పొడి గాలికి కార్కు ఎండిపోతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ల రీస్లింగ్ తెరిస్తే కిరోసిన్ వాసన, అడుగున గాజు పెంకుల్లాంటి పలుకులు. పారబోయాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యో, వద్దు! ద్రాక్ష తొక్కలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు విరిగి, ఏళ్లు గడిచేకొద్దీ టీడీఎన్ అనే పదార్థం పెరుగుతుంది. కిరోసిన్ వాసన దానిదే, ముదిరిన రీస్లింగ్‌కు అది గుర్తు. ఆ పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణం. మన చింతపండు పులుపూ ఆ ఆమ్లానిదే. ముందురోజే సీసా నిలబెట్టి, మెల్లగా వంచి పోస్తే అడుగునే ఉండిపోతాయి.

నిజంగా చెడిందయితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అది కార్కు దోషం. రంగు గోధుమకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే గాలి తగిలి పాడైనట్టు.

ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకు, పదో డిగ్రీ దగ్గర రుచి చూడండి. మూతి ముడుచుకున్న గ్లాసులో 60 మిల్లీలీటర్లే పోసుకోండి. మన ఎండకు ఎక్కువ పోస్తే సగం తాగేలోపు వెచ్చనైపోతుంది. మొదట కిరోసిన్ కమ్మేసినా, కాసేపటికి నిమ్మ, తేనె బయటికొస్తాయి. కాస్త తీపి మిగిలిన సీసా అయితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీకి భలే జోడీ. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మూడు, నాలుగు రోజుల్లో ముగించండి.

ప్రశ్న: ఏ తెల్ల వైనయినా దాచొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలామటుకు ఒకటి, రెండేళ్లలో తాగేసేవే. పులుపు గట్టిగా ఉన్న రీస్లింగ్, ఫ్రాన్స్ షాబ్లి గ్రాన్ క్రూ, ఆస్ట్రేలియా హంటర్ వ్యాలీ సెమియోన్, ఫ్రాన్స్‌దే తీపి సోటెర్న్ లాంటివే నిలుస్తాయి. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు తెల్ల వైన్‌తో మాత్రం జాగ్రత్త: 1990ల నడుమ నుంచి వచ్చిన వాటిలో కొన్ని సీసాలు వేళకు ముందే ఆక్సీకరణ చెందుతున్నాయి. పెట్టె కొంటే ఏడాదికొకటి తెరిచి చూస్తూ పోండి.