కణాలకు మార్ఫిన్ వేసినా సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల సంకేతాలు మోసే చిన్న అణువు) తగ్గట్లేదా?

మార్ఫిన్ ఒక్కటే వేసి కొలిస్తే తగ్గుదల కనిపించదు. మార్ఫిన్ అంటుకునే మ్యూ రిసెప్టర్, జీఐ అనే ప్రొటీన్ ద్వారా, సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైమ్ అడినైలేట్ సైక్లేజ్‌ను అణచివేస్తుంది. ఊరికే ఉన్న కణంలో సైక్లిక్ ఏఎంపీ ముందే అడుగున ఉంటుంది, ఇంకెక్కడికి తగ్గుతుంది? ఆ ఎంజైమ్‌ను ఉత్తేజపరిచే ఫోర్‌స్కోలిన్‌తో దాన్ని పెంచాలి. చాలామంది వదిలేసేది ఇదే.

1. ఐబీఎంఎక్స్ (సైక్లిక్ ఏఎంపీని విరిచే ఎంజైమ్‌లను ఆపేది) 0.5 మిల్లీమోలార్, 15 నిమిషాలు. ఇది లేకపోతే తయారైన సైక్లిక్ ఏఎంపీ విరిగిపోతుంది.
2. మార్ఫిన్ 1 మైక్రోమోలార్, ఫోర్‌స్కోలిన్ 10 మైక్రోమోలార్ కలిపి 15 నిమిషాలు. ఫోర్‌స్కోలిన్ మరీ ఎక్కువైతే తేడా అందులో మునిగిపోతుంది. 1 నుంచి 10 మధ్య మీ కణాలకు ఏది సరిపోతుందో చూసుకోండి.
3. ఒక వెల్‌లో ముందుగా మ్యూ రిసెప్టర్‌ను అడ్డుకునే నలోక్సోన్ 10 మైక్రోమోలార్. అక్కడ తగ్గుదల రాకూడదు.

అప్పటికీ తేడా లేకపోతే కణాల్నే అనుమానించండి. ల్యాబుల్లో ఎక్కువగా వాడే మామూలు హెక్ 293 కణాల్లో మ్యూ రిసెప్టర్ దాదాపు ఉండదు. ఆ రిసెప్టర్ జన్యువు చేర్చిన కణాల లైన్ కావాలి.