నయాగరా వెళ్లే చిన్నికి

చిన్నీ,

స్నేహితులతో కలిసి నయాగరా జలపాతం చూడటానికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఒంగోలు హాస్టల్లో దింపి వస్తుంటే బస్సు వెనకాల ఏడుస్తూ వచ్చిన పిల్లవి, ఇప్పుడు నలుగురిని కూడగట్టి కారు అద్దెకు మాట్లాడావంటే నాకెంత సంతోషమో! కానీ ఆ వెంటనే, ‘శుక్రవారం రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరతారంట బావా’ అంది. నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెబుతాను. పాస్‌పోర్టు, ఐ-20 (అదే, మీ కాలేజీ వాళ్లిచ్చిన వీసా కాగితం) దగ్గర పెట్టుకో. అక్కడ రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కితే అవతల కెనడా. దానికి వేరే వీసా కావాలి, కాబట్టి బోర్డులు చూసుకుని మలుపు తిరగండి. నడిపేవాళ్లందరి పేర్లూ అద్దె కాగితంలో ఉండాలి. పడవెక్కేటప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు, అయినా తడుస్తారు, మార్చుకోను బట్టలుంచుకో. ఫోటో కోసం కమ్మీ ఎక్కొద్దు.

ఇక అసలు సంగతి. మీ నాన్న ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేడు, గమనించావు కదా. చెట్టు మీంచి పడ్డానని నీకు చెప్పాడు. అది నిజం కాదు.

కాలేజీ రోజుల్లో అయిదుగురు స్నేహితులు జీపు తీసుకుని కార్తీక పౌర్ణమికి భైరవకోన పోయారు. కొండను తొలిచిన ఆ ఎనిమిది గుళ్లూ చూసి, జలపాతం కింద సాయంత్రందాకా ఆడి, కడుపునిండా తిని, అర్ధరాత్రి దాటాక తిరుగుముఖం పట్టారు. అయిదుగురిలో బండి నడపడం వచ్చింది ఒక్కడికే. పొద్దున్నుంచీ అతనే నడుపుతున్నాడు. మిగతా నలుగురూ బండెక్కగానే నిద్రపోయారు, ముందు సీట్లో ఉన్న మీ నాన్నతో సహా. పామూరు దాటాక జీపు రోడ్డు దిగి చింతచెట్టును గుద్దింది. మీ నాన్నకు మోచెయ్యి విరిగింది. నడిపిన పిల్లాడికి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆస్పత్రిలో అతని పక్కన కూర్చుంటే నాతో ఒక మాటన్నాడు. ‘పామూరు రాకముందే కళ్లు మూతలు పడతా ఉండాయన్నా. అందరూ నిద్రపోతున్నారు, లేపడమెందుకులే అనుకున్నా’ అన్నాడు. మొహమాటం చిన్నీ! స్నేహితుల దగ్గర కూడా మొహమాటం! ఆ పిల్లాడిని నేనేమీ అనను. తప్పు ఆ నిద్రపోయిన నలుగురిదీ. ఇది నీకు చెప్పొద్దని మీ నాన్న మాట తీసుకున్నాడు. ఈరోజు ఆ మాట తప్పుతున్నా, కోప్పడితే నన్నే కోప్పడనీ.

నేను కందుకూరు డిపోలో హైదరాబాదు నైట్ సర్వీసు నడిపినవాణ్ణి. రాత్రి రెండు నుంచి అయిదు దాకా నిద్ర ఎట్టా వస్తుందో నాకు తెలుసు. అద్దం దించినా, పాటలు గట్టిగా పెట్టినా ఆగదు. పిడుగురాళ్లలో తాగిన టీ కాసేపే పనిచేసేది. కళ్లు తెరిచే ఉంటాయి, గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తుండవు. అదే గుర్తు. అప్పుడు బండి ఆపాలి, ఇంకొకరికి ఇవ్వాలి. మీ దారిలో గంటకు 65 మైళ్లు పోతారు కదా, మూడు సెకన్లు కునికితే దాదాపు 85 మీటర్లు ఎవరూ నడపని బండి అది.

న్యూజెర్సీ నుంచి నయాగరాకు 640 కిలోమీటర్ల దాకా ఉంది, ఫోన్లో మ్యాపు పెట్టించుకుని చూశాను. శుక్రవారం సాయంత్రం బయల్దేరినా పరవాలేదు, కానీ పదింటికల్లా దారిలో బింగ్‌హామ్‌టన్ అనే ఊరి దగ్గర రూము తీసుకుని పడుకోండి. పొద్దున టిఫిను తిని మిగతా దారి పట్టండి. రూము డబ్బులు నేను పంపిస్తాను, మొండికెయ్యొద్దు. రెండు గంటలకొకసారి మనిషి మారాలి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు, మాట్లాడుతూ ఉండాలి. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోవాలి, న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి అది చట్టం. చీకటి పడ్డాక జింకలు అడ్డమొస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుంది. బ్రేకు వెయ్యాలి గానీ స్టీరింగు తిప్పకూడదు. నడిపే ముందు బిర్యానీ వద్దు, పులిహోర కూడా కొంచెమే.

చిన్నప్పట్నుంచీ నీకు నోరు తక్కువ, ఎవరినీ నొప్పించవు. ఆ గుణం నాకిష్టం. కారులో మాత్రం గయ్యాళిగా ఉండు తల్లీ. ఎవరైనా ఆవలిస్తే ‘ఆపు’ అను. నీకు నిద్రొస్తే నిద్రొస్తోందని చెప్పు.

ఎవరు ఏ ఊరిదాకా నడుపుతారో కాగితం మీద రాసి ఫోటో తీసి గురువారానికల్లా నాకు పంపు. చూసి, మార్చాల్సింది ఉంటే చెబుతాను.

మీ పెదనాన్న,
కందుకూరు