గ్యాప్ గురించి దాచకండి, పని గురించి చెప్పండి

ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే చెప్పడానికి మీరు రాసుకున్న పరిచయంలో నాన్నగారి ఉద్యోగం, చెల్లి చదువు, క్రికెట్ అన్నీ ఉన్నాయి గానీ అకౌంట్స్ ఉద్యోగానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదండి. బీకామ్, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ముందు చెప్పేసి, ఆడిటర్ గారి దగ్గర ఏ జీఎస్టీ రిటర్న్‌లు వేశారో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్కలు ఎలా సరిచూశారో కాస్త వివరంగా చెప్పండి, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాల్సింది అదే. ఉద్యోగం లేని రెండేళ్ల గ్యాప్ రెజ్యూమేలో ఎలాగూ కనిపిస్తుంది. "గ్రూప్-2కి చదివాను, రాలేదు, ఇక ఈ పనిలోనే ఉంటాను" అంటే చాలు. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టొద్దు, ఒక్క మాట మర్చిపోతే మొత్తం ఆగిపోతుంది (మీకు జరిగిందీ అదేగా). నిమిషంన్నర దాటనివ్వకండి. జీఎస్టీ రిటర్న్‌లలో జీఎస్‌టీఆర్-1లో అమ్మకాల వివరాలు, జీఎస్‌టీఆర్-3బీలో పన్ను కట్టే సారాంశం, ఈ తేడా మాత్రం చూసుకుని వెళ్లండి, జీఎస్టీ మాట ఎత్తగానే అడిగేస్తారు.