ఆల్ ఇన్ ఎప్పుడు? పోకర్ టోర్నమెంట్ చివరి దశపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగారు: బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలు) బాగా పెరిగాక చేతిలో ఉన్న చిప్స్ అన్నీ ఎప్పుడు తోసెయ్యాలి (అదే ఆల్ ఇన్), ఎప్పుడు ఆగాలి? బ్లైండ్లు ప్రస్తావించిన చోటల్లా స్మాల్ బ్లైండ్ 1,000, బిగ్ బ్లైండ్ 2,000, బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారే అదనంగా కట్టే పందెం, అంటే యాంటీ, 2,000 అనుకుందాం. అంటే ముక్కలు పంచేసరికే పాట్‌లో (గెలిచినవారికి దక్కే పందేల కుప్పలో) 5,000 ఉంటాయి.

ప్రశ్న: నా దగ్గర 20,000 ఉన్నాయి. మంచి ముక్కల కోసం చూస్తూ కూర్చుంటే చిప్స్ కరిగిపోతున్నాయి. ఎంతవరకు ఓపిక పట్టాలి?

మీవి 10 బిగ్ బ్లైండ్లు. ఒక్క రౌండ్ తిరిగితే 5,000 పోతాయి, అంటే ఏమీ ఆడకుండా కూర్చున్నా నాలుగు రౌండ్లకు మించి ఉండలేరు. ఈ 20,000ను 5,000తో భాగిస్తే వచ్చే సంఖ్యనే ఆటగాళ్ళు పోకర్ ఆటగాడు పాల్ మాగ్రియెల్ పేరు మీద 'ఎమ్' అంటారు. టేబుల్ మీద తొమ్మిది మందికి బదులు ఆరుగురే ఉంటే ఆ నాలుగు రౌండ్లూ ఇంకా త్వరగా అయిపోతాయి, అది మరచిపోకండి.

ఈ స్థితిలో చిన్న రైజ్ (పందెం కొద్దిగా పెంచడం) మీకు పనికిరాదు. 4,400కి రైజ్ చేశారు, వెనక ఒకరు ఆల్ ఇన్ అన్నారు, బ్లైండ్లు కట్టినవారు ఫోల్డ్ అయ్యారు (ముక్కలు పారేశారు). ఇప్పుడు మీరు 15,600 పెడితే మొత్తం పాట్ 45,000. 35 శాతం గెలుపు అవకాశం ఉన్నా కాల్ (ఎదుటివారి పందేనికి సమానంగా కట్టడం) లాభమే. అంటే ఎలాగూ ఫోల్డ్ చెయ్యలేని చోటికి మీరే వచ్చి ఇరుక్కున్నారు. ఆ 20,000 ముందే తోసి ఉంటే, ఫోల్డ్ చెయ్యాలా వద్దా అన్న ఇబ్బంది ఎదుటివారిది అయ్యేది.

ఆల్ ఇన్‌లో లాభం రెండు దారుల్లో వస్తుంది. బటన్ మీద నుంచి (మీ వెనక రెండు బ్లైండ్లే మిగిలిన సీటు నుంచి) తోశారు, 100కి 65 సార్లు ఇద్దరూ ఫోల్డ్ అవుతారనుకుందాం. అప్పుడు 5,000 ఊరికే వస్తాయి. మిగతా 35 సార్లు బిగ్ బ్లైండ్ కాల్ చేస్తే పాట్ 43,000. మీ గెలుపు 35 శాతమే అనుకున్నా అందులో మీ వాటా 15,050, అంటే కాల్ అయిన ప్రతిసారీ సగటున 4,950 నష్టం. రెండూ కలిపితే ఒక్కో ఆల్ ఇన్‌కు సుమారు 1,500 లాభం తేలుతుంది. కాల్ వచ్చినప్పుడు వెనకబడి ఉండి కూడా లాభమే! ఎదుటివారు ఫోల్డ్ అవుతారన్న ఆశ మీద నిలబడిన లెక్క ఇది, ఆ ఆశ పోతే మొత్తం కూలిపోతుంది.

అందుకే 5,000 మిగిలేదాకా ఆగకూడదు. అప్పుడు బిగ్ బ్లైండ్ ఇంకో 3,000 పెడితే చాలు, పాట్‌లో 10,000 ఉంటాయి. 23 శాతం గెలుపు సరిపోయే చోట ఎవరు మాత్రం ఫోల్డ్ చేస్తారు? 7-2 కూడా ఆసు-రాజు మీద మూడింట ఒకసారి గెలుస్తుంది. నా సలహా: 12 నుంచి 8 బిగ్ బ్లైండ్ల మధ్య ఉండగానే, మీకన్నా ముందు ఎవరూ పాట్‌లోకి రాని సందర్భం చూసుకుని కదలండి.

ప్రశ్న: నాకు 60,000 ఉన్నాయి. అప్పుడూ ఇదే లెక్కా?

మీ చిప్స్ ఒక్కటే చూస్తే సరిపోదు, మీ తర్వాత మాట్లాడాల్సిన వాళ్ళవి చూడండి. రెండు బ్లైండ్లలోనూ 16,000 చొప్పునే ఉంటే మీరు పణంగా పెడుతున్నది ఎనిమిది బిగ్ బ్లైండ్లే, ధైర్యంగా తోయవచ్చు. వాళ్ళలో ఒకరికి 70,000 ఉంటే మాత్రం 5,000 కోసం 60,000 ఒడ్డుతున్నట్టే. అక్కడ చిన్న రైజ్ చాలు.

ప్రశ్న: చేతిలో ఒక్క ఆసు ఉంటే తోసెయ్యమంటారు. ఆసు-4 మేలా, ఒకే గుర్తు 8-7 మేలా?

పది బిగ్ బ్లైండ్లతో, బటన్ మీద, ముందు అందరూ ఫోల్డ్ అయితే రెండూ తోయదగ్గవే. మొదటి సీటులో రెండూ పారెయ్యదగ్గవే, ఎందుకంటే వెనక ఎనిమిది మంది ఉన్నారు.

ఆసు బలం కాల్ రాకముందు ఉంటుంది. మీ దగ్గర ఒక ఆసు ఉంటే ఎదుటివారికి ఆసుల జత వచ్చే మార్గాలు 6 నుంచి 3కి, ఆసు-రాజు వచ్చే మార్గాలు 16 నుంచి 12కి పడిపోతాయి. కాల్ వచ్చిందా, కథ మారుతుంది. ఆసు-రాజు మీద ఆసు-4 గెలుపు పావు వంతు చుట్టుపక్కలే, 8-7 మాత్రం 40 శాతం దాకా పోరాడుతుంది. ఎదుటివారు తరచూ ఫోల్డ్ చేసేవారైతే ఆసు, తేలిగ్గా కాల్ చేసేవారైతే... అలాంటి వాళ్ళ మీద 8-7 కూడా వద్దు, పెద్ద ముక్కలే కావాలి.

ప్రశ్న: నలుగురం మిగిలాం, బహుమతులు ముగ్గురికే. అందరికీ సమానంగా చిప్స్. స్మాల్ బ్లైండ్ ఆల్ ఇన్ అన్నాడు, బిగ్ బ్లైండ్‌లో ఉన్న నేను ఆసు-రాజుతో కాల్ చేస్తే తప్పన్నారు. ఎలా?

తప్పనడానికి కారణం ఉంది. మొత్తం బహుమతి 100, అందులో 50, 30, 20గా పంపకం అనుకోండి. సమాన చిప్స్ కాబట్టి ఇప్పుడు మీ వాటా విలువ 25. కాల్ చేసి గెలిస్తే మొత్తం చిప్స్‌లో సగం మీవి, మిగిలిన ఇద్దరికీ చెరో పావు. మీరు మొదటి స్థానంలో నిలిచే అవకాశం సగం, రెండో స్థానానికి మూడో వంతు, మూడో స్థానానికి ఆరో వంతు. అంటే 25, 10, 3.33 కలిపి 38.33. చిప్స్ రెట్టింపయ్యాయి, విలువ రెట్టింపు కాలేదు! ఓడితే సున్నా.

25ను 38.33తో భాగిస్తే 65 శాతం, కాల్ లాభించాలంటే కనీసం అంత గెలుపు అవకాశం ఉండాలి. మీరు ఇప్పటికే కట్టిన బ్లైండ్, యాంటీ కలుపుకుంటే ఈ గీత కొంత కిందికి దిగుతుంది గానీ చిప్స్ లెక్కలో సరిపోయే 50 శాతం దగ్గరికి రాదు. గుర్తులు వేరైన ఆసు-రాజు, ఏ రెండు ముక్కలతోనైనా తోసేవాడి మీద కూడా 65 శాతమే గెలుస్తుంది. అతను జతలు, పెద్ద ఆసులతోనే తోసే రకమైతే మీ అవకాశం సగానికి అటూ ఇటూ ఉంటుంది, ఫోల్డే సరైనది. విచ్చలవిడిగా తోసేవాడైతే కాల్ చెయ్యవచ్చు.

ఇదే లెక్కను తిప్పి చూడండి. మీకు కాల్ ఇంత కష్టమైతే, ముందు తోసినవాడికి అంత సులువు. అందుకే బబుల్ దగ్గర (ఇంకొకరు వెళ్తే మిగిలినవారందరికీ బహుమతి ఖాయమయ్యే దశలో) ఎక్కువ చిప్స్ ఉన్నవారు మధ్యస్థంగా ఉన్నవారి మీద ఎడాపెడా తోస్తారు, మధ్యవారు నోరెత్తలేరు. మూలన మూడు బిగ్ బ్లైండ్లతో ఒకరు కొట్టుమిట్టాడుతుంటే ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మధ్యవారు అతను వెళ్ళేదాకా ఎక్కువ చిప్స్ ఉన్నవారితో తగువు పెట్టుకోకూడదు. ఇద్దరే మిగిలాక ఈ జాగ్రత్త అక్కర్లేదు. రెండో బహుమతి ఇద్దరికీ ఖాయం కాబట్టి ఇక చిప్స్ లెక్కే లెక్క.

ప్రశ్న: పెద్ద టోర్నమెంట్‌కు పది సీట్లిచ్చే శాటిలైట్‌లో 11 మందిమి మిగిలాం. ఆసుల జత వస్తే?

మొదటివాడికీ పదోవాడికీ దక్కేది ఒకేలాంటి సీటు, ఎక్కువ చిప్స్ వల్ల ఎక్కువేమీ రాదు. మీ కన్నా బాగా తక్కువ చిప్స్‌తో ఇద్దరు ముగ్గురుండి, మిమ్మల్ని ఖాళీ చెయ్యగలవాడు ఆల్ ఇన్ అంటే ఆసుల జతను కూడా పారెయ్యండి. ఒక మామూలు జత మీద కూడా ఆసులు అయిదింట ఒకసారి ఓడిపోతాయి. అందరికన్నా తక్కువ మీకే ఉంటే మాత్రం సలహా పూర్తిగా తిరగబడుతుంది: బిగ్ బ్లైండ్ మీ దగ్గరికి రాకముందే, ఎదుటివారు ఇంకా ఫోల్డ్ చెయ్యగలిగినప్పుడే తోసెయ్యండి.