ఫోటోలు షేర్ చేస్తే స్టోరేజ్ మిగులుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు ఫోన్లు. నా జీమెయిల్ వేరు. మావారి ఫోన్‌లో, అత్తమ్మ ఫోన్‌లో, పాప ఫోన్‌లో మాత్రం మావారి జీమెయిలే ఉంది. నాకు నెల రోజులుగా 'స్టోరేజ్ నిండింది' అని వస్తోంది. పాప ఓణీల ఫంక్షన్ వీడియోలు పోతాయేమోనని టెన్షన్. 'నీ ఫోటోలన్నీ అన్నకు షేర్ చేసి, నీ దాంట్లో డిలీట్ కొట్టు వదినా, ఖాళీ అయితది' అంటున్నాడు మా మరిది. కొట్టమంటారా?
- ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: ఇప్పుడే కొట్టకండమ్మా. మీ మరిది చెప్పిన దాంట్లో సగమే నిజం.

గూగుల్ ఫోటోస్‌లో షేర్ చేయడమంటే చూడనివ్వడం, అంతే. ఫోటో ఇంకా మీ ఖాతాలోనే ఉంటుంది, గూగుల్ మీకు ఉచితంగా ఇచ్చిన 15 జీబీ చోటులోనే లెక్క. మీవారు దాన్ని తన ఖాతాలో సేవ్ చేసుకోకముందే మీరు డిలీట్ చేస్తే ఆయనకూ కనిపించదు. సేవ్ చేసుకుంటే ఉంటుంది గానీ, అప్పుడు ఆయన 15 జీబీ తింటుంది. ఇంట్లో చోటు లేదని వడ్ల బస్తాలు మరిది ఇంట్లో దింపితే వడ్లు తగ్గుతాయా? పైగా మీవారి ఖాతా ఇప్పటికే మూడు ఫోన్లు మోస్తోంది.

నన్నడిగితే, మీ ఇంట్లో అసలు భయపడాల్సింది ఆ మూడు ఫోన్ల సంగతికే. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఏళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నవాణ్ని, నేనూ అదే తప్పు చేశాను. అమ్మకు కొత్త ఫోన్ కొనిచ్చి, మళ్లీ ఇంకో జీమెయిల్ ఎందుకులే అని నాదే పెట్టాను. ఒక ఆదివారం ఇంటికి పోతే అమ్మ అరుగు మీద కూర్చొని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, బొటనవేలితో ఒక్కొక్క ఫోటో నొక్కి తీసేస్తోంది. 'ఫోన్ బరువైంది బిడ్డా, ఖాళీ చేస్తున్న' అంది. మంచిదేలే అనుకున్నాను. ఖాతా ఒకటే కాబట్టి ఆమె తీసేస్తున్నవి నా ఫోటోలు కూడా అని తట్టలేదు. బ్యాకప్ అయిన, అంటే గూగుల్ ఖాతాలోకి చేరిన ఫోటోలు డిలీట్ చేస్తే ట్రాష్‌లో (చెత్తబుట్టలో) 60 రోజులే ఉంటాయి. నాకు తెలిసేసరికి అది దాటింది. చెర్వుగట్టు మెట్ల మీద బాపు కొబ్బరికాయ పట్టుకొని కూర్చున్న ఫోటో అందులోనే పోయింది. అక్కకు ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన మసక కాపీ ఒకటి మిగిలింది. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి ముందు అత్తమ్మకో జీమెయిల్, పాపకో జీమెయిల్ చేయించండి. ఎవరి 15 జీబీ వాళ్లకు ఉచితంగా వస్తుంది. పాపకు 13 ఏళ్లు నిండకపోతే ఆమె ఖాతా మీ పర్యవేక్షణలోనే తెరవాలి. అత్తమ్మ పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. రెండేళ్లు అసలు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తీసేయొచ్చు, అదొక్కటి గుర్తుంచుకోండి.

ఇక మీ ఖాతా. ఆ 15 జీబీ ఫోటోలకే కాదు, మెయిళ్లకూ డ్రైవ్‌కూ కలిపి. ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్క. నిండిందంటే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. ఫోటోస్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ అయ్యే ఫోల్డర్లు చూడండి. వాట్సాప్ ఫోల్డర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. షాపుకొచ్చే ఫోన్లలో నాకు ఎక్కువగా కనిపించేవి గుడ్ మార్నింగ్ పూలే, ఒక్కో పువ్వు నాలుగైదు గ్రూపుల నుంచి. తర్వాత 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే పెద్ద వీడియోలు విడిగా చూపిస్తుంది. ఫంక్షన్ వీడియో మీరు తీసింది ఒకటి, తమ్ముడు పంపింది ఒకటి, వీడియోగ్రాఫర్ ఇచ్చింది ఒకటి ఉంటాయి చూడండి. మంచిది ఒకటి ఉంచి, దాన్ని హార్డ్ డిస్క్‌లో కూడా వేయించుకొని, మిగతావి తీసేయండి. బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు యాప్‌లో తీస్తే ఫోన్‌లోనూ పోతుంది. ఫోన్ ఒక్కటే ఖాళీ కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కాలి, అది గూగుల్ ఖాతాలో ఉన్న కాపీల జోలికి పోదు.

బ్యాకప్ క్వాలిటీని 'స్టోరేజ్ సేవర్'కు మార్చండి. ఫోటోలను కాస్త కుదిస్తుంది, 16 మెగాపిక్సెళ్లు దాటినవాటిని 16కు తగ్గిస్తుంది, గోడకు ఫ్రేము కట్టించుకోవడానికి అది చాలు.

ఇవన్నీ చేసినా చాలకపోతే మీవారి చేత గూగుల్ వన్ ప్లాన్ (డబ్బు కట్టి ఎక్కువ చోటు తీసుకోవడం) ఒకటి తీయించి, ఫ్యామిలీ గ్రూపులో మీ ముగ్గురినీ చేర్పించండి. తనతోపాటు ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు. పంచుకునేది చోటు మాత్రమే, ఎవరి ఫోటోలు వాళ్లవే. పాప సెల్ఫీలు అత్తమ్మ ఫోన్‌లో కనపడవు. పాప సంతోషిస్తుంది.

ప్రశ్న: మా ఇద్దరికీ ఐఫోన్లే. ఐక్లౌడ్‌లో కూడా ఇదే లెక్కా?
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: కాదు, అక్కడ తిరగబడుతుంది. ఐఓఎస్ 16.1తో వచ్చిన షేర్డ్ లైబ్రరీలోకి (ఇద్దరూ కలిసి వాడే ఫోటోల పెట్టెలోకి) మీ ఆవిడ ఫోటో వేస్తే అది ఆమె ఖాతా నుంచి తరలిపోయి, లైబ్రరీ మొదలుపెట్టినవాళ్ల చోటులో కూర్చుంటుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీయే కాబట్టి, ప్లాన్ ఎవరిదో వాళ్లే లైబ్రరీ మొదలుపెట్టాలి. అందులో ఎవరు డిలీట్ కొట్టినా ఇద్దరికీ పోతుంది. మా అమ్మ కథ పైన ఉంది, చదువుకోండి.