బ్యాంకు చదువుకి తెల్లవారుజామే ఇవ్వు

ప్రశ్న: మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఒడియా మీడియంలో చదివి ఇప్పుడు బీకాం ఆఖరి ఏడాదిలో ఉన్నాను. పొద్దున్న కాలేజీ, మధ్యాహ్నం కంప్యూటర్ క్లాసు, సాయంత్రం నాన్నగారి కిరాణా కొట్టు, ఆ తర్వాత పిల్లలకి ట్యూషన్. రాత్రి పదిన్నరకి పుస్తకం తీస్తే కళ్లు మూతలు పడిపోతున్నాయి. నాకు బ్యాంకు క్లర్క్ ఉద్యోగం కావాలి. ఎందుకైనా మంచిదని ఆంధ్రా గ్రూప్ పరీక్షలకి కూడా చదువుతున్నాను. ఆదివారం పాతపట్నంలో అమ్మమ్మని చూడ్డానికి వెళ్తే రోజంతా పోయిందని దిగులు. అన్నీ ఎలా సర్దుకోవాలి?

జవాబు: అమ్మా, నీకు అన్నిటికంటే కావలసింది బ్యాంకు ఉద్యోగం. నీ రోజులో అన్నిటికంటే చివర వచ్చేది కూడా అదే. అసలు చిక్కు అక్కడుంది. టైం టేబుల్ ఎన్నిసార్లు మార్చి రాసుకున్నా, ఓపికంతా అయిపోయాక మిగిలిన గంట ఆ చదువుకి ఇస్తున్నంత కాలం ఫలితం మారదు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఒకసారి చూడు. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఇంగ్లిష్, లెక్కలు, రీజనింగ్ ఒక్కోదానికి 20 నిమిషాలే. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. అంత వేగం నిద్రమత్తులో చేసిన సాధనతో రాదు. అందుకని రాత్రి చదువు ఆపెయ్యి. పదిగంటలకల్లా పడుకో, 5 గంటలకి లే. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, చదివింది మనసులో కుదురుకునేది కూడా ఆ నిద్రలోనే. లేచాక మొదటి రెండు గంటలూ లెక్కలకీ రీజనింగ్‌కీ. ఆ సమయంలో ఫోన్ వేరే గదిలో ఉండాలి, ఇంట్లో ఎవరూ నీకు పని చెప్పకూడదు.

ఇక వదులుకోవలసినవి. ముందు ఆంధ్రా గ్రూప్ పరీక్షలు. సరిహద్దులో పుట్టిన పిల్లలు చాలామంది రెండు గట్ల మీదా కాళ్లు పెడతారు. ఇటు చరిత్ర, అటు చరిత్ర, రెండు సిలబస్‌లు, చివరికి రెండూ సగం సగమే. ఆంధ్రాలో స్థానికత రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రధానంగా ఎక్కడ చదివావన్నదాన్ని బట్టి తేలుతుంది. నువ్వు చదివిందంతా ఒడిశాలో కాబట్టి అక్కడ నాన్ లోకల్‌వే, అవకాశం ఇరుకు. బ్యాంకు క్లర్క్ పోస్టుకైతే దరఖాస్తు పెట్టిన రాష్ట్రం భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియాలో చదువుకున్న నీకు ఒడిశాలో అదే పెద్ద బలం. ఇంగ్లిష్ విభాగం తప్ప మిగతా ప్రశ్నలు ఒడియాలో కూడా తీసుకోవచ్చు. కాబట్టి ఒడిశానే ఎంచుకో, ఆ గ్రూప్స్ పుస్తకాలు కావలసిన వాళ్లెవరికైనా ఇచ్చెయ్యి.

కంప్యూటర్ క్లాసు సంగతి నీ మార్కుల జాబితాలు చూసి తేల్చుకో. బ్యాంకులు కంప్యూటర్ సర్టిఫికెట్ అడుగుతాయి, లేదా స్కూల్లోనో కాలేజీలోనో అది ఒక సబ్జెక్టుగా చదివి ఉన్నా సరిపోతుంది. చదివి ఉంటే ఈ క్లాసు మానెయ్యి. లేకపోతే పూర్తి చెయ్యి, అంతే. ట్యూషన్ మాత్రం ఉండనీ. ఆ డబ్బు నీ చేతిలో ఉండడం మంచిది.

కొట్టు మానమని నేను చెప్పను. మీ ఇల్లు నడిచేది దానిమీదే, నాన్నగారికి నీ సాయం కావాలి. అయితే కొట్లో కూర్చున్నంతసేపూ కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు. ముప్పావు కిలో కందిపప్పు ఎంత, అరలీటరు నూనె ఎంత, రెండూ కలిపితే వాళ్లిచ్చిన నోటుకి చిల్లర తిరిగి ఎంత ఇవ్వాలి, అన్నీ నోటిలెక్కే. బేరం లేని వేళల్లో పేపరు చదువు. కరెంట్ అఫైర్స్‌కి తాజా బుర్ర అక్కర్లేదు, ఆ సమయం చాలు. రథయాత్రకీ దసరాకీ కొట్టు కిటకిటలాడుతుంది కదా, ఆ వారాల్లో కొత్త పాఠాలు పెట్టుకోకు, పాతవి తిరగేస్తే చాలు.

అమ్మమ్మ దగ్గరికి తప్పకుండా వెళ్లు, పుస్తకం పట్టుకెళ్లకుండా వెళ్లు. ఆ పూట పోయిందని నువ్వు దిగులు పడడం నాకు బాధనిపించింది. ఆవిడకి నీ మీద ఎంత ఆశ ఉంటుందో నీకే తెలుసు. ఉద్యోగం వచ్చాక చూసుకుందాం అనుకోదగ్గ విషయం కాదిది. వయసు గురించి కూడా కంగారు వద్దు. క్లర్క్ పరీక్షకి 20 నుంచి 28 ఏళ్ల వరకు వీలుంది, ఓబీసీలకి మరో 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకి మరో 5 ఏళ్లు సడలింపు ఉంది. ఒక్క ఏడాదిలోనే తేలిపోవాలన్న రూలేమీ లేదు.

ఇదంతా జరగాలంటే ముందు నాన్నగారితో మాట్లాడాలి. కొట్టు కట్టేశాక, లెక్క చూసుకోవడం అయిపోయాక అడుగు. రావడం మానేస్తానని కాదు, రాత్రి తొమ్మిది తర్వాత నన్ను పిలవకండి, తెల్లవారుజామున రెండు గంటలు వదిలెయ్యండి అని మాత్రమే అడుగు. ఆ గంటల్లో ఏం చదువుతావో కాగితం మీద రాసి చూపించు. ఒకవేళ వెంటనే ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకు, అమ్మ చేత ఇంకోసారి చెప్పించు.